రెనే రాజు బీరువా

ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్ళో మా చెల్లెలి ఇంటి నుంచి లండన్ ప్యాడింగ్టన్‌ స్టేషన్‌కు రైలు, అక్కడి నుంచి అండర్‌గ్రౌండ్ రైల్లో సౌత్ కెన్సింగ్టన్. స్టేషన్ లోపలి నుంచే పొడవాటి సొరంగంలో నడిస్తే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వచ్చేస్తుంది. లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు. చెల్లికి నగల గది చూడాలని ఉంది. నేను మాత్రం ఒక్క బీరువా కోసమే వెళ్ళాను.

మా నాన్న వడ్రంగం చేసేవారు. ఉలి, చిత్రిక చప్పుళ్ళ మధ్య పెరిగినదాన్ని కాబట్టి, చెక్క వస్తువు కనబడితే ముందు అతుకులు చూస్తాను.

బ్రిటిష్ గ్యాలరీల్లో ఉందది. ఓక్ చెక్కతో చేసిన వెడల్పాటి బీరువా. జాన్ పొలార్డ్ సెడన్ అనే వాస్తుశిల్పి 1861లో తన ఆఫీసులో డ్రాయింగులు దాచుకోవడానికి గీసుకున్న డిజైన్ ఇది. కాగితాలు పెట్టుకునే బీరువాకు ఇంత ముస్తాబా అనిపిస్తుంది. చేసింది సెడన్ కుటుంబానిదే అయిన ఫర్నిచర్ సంస్థ. బొమ్మల పని మాత్రం డిజైనర్ విలియం మోరిస్, అతని మిత్రులు ఆ ఏడాదే మొదలుపెట్టిన కంపెనీకి అప్పజెప్పాడు.

బొమ్మల పలకలు మొత్తం పది. కళలంటే ప్రాణమిచ్చిన పదిహేనో శతాబ్దపు ఫ్రెంచి ప్రభువు, ఆంజూ రెనే, కొత్త పెళ్ళికూతురితో ఒక్కో కళలో మునిగి ఉన్నట్టు ఊహించి వేశారు. అందుకే దీన్ని రెనే రాజు హనీమూన్ క్యాబినెట్ అంటారు. వేసినవాళ్ళు మోరిస్ మిత్రులైన చిత్రకారులు. వాస్తుకళ ఫోర్డ్ మాడాక్స్ బ్రౌన్ వేశాడు. చిత్రకళ, శిల్పం బర్న్-జోన్స్‌వి. సంగీతం, తోటపని రోసెట్టివి. సంగీతం పలక ముందు చాలాసేపు ఉండిపోయాను. రాణి ఆర్గన్ వాయిస్తుంటే రాజు ముందుకు వంగి ముద్దుపెడుతున్నాడు. కుండల పని, నేత, కుట్టుపని, ఇనుప పని, గాజు ఊదడం, వీటికీ తలా ఒక పలక ఇచ్చారు. అది నాకు ఎంత నచ్చిందో! చేతిపనిని చిత్రకళ పక్కనే, అదే బీరువా మీద నిలబెట్టారు.

జనం బొమ్మలు చూసి వెళ్ళిపోతున్నారు. నేను వంగి, వాటి చుట్టూ ఓక్‌లో పొదిగిన రంగురంగుల చెక్కలు చూశాను. పొదగడం అంటే గాడి తీసి, అందులో వేరే చెక్క ముక్క వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోబెట్టి, జిగురు పట్టించి, పైన నున్నగా చిత్రిక పట్టడం. వానకూ ఎండకూ ఒక్కో జాతి చెక్క ఒక్కోలా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అందుకే ముక్కలు లేస్తాయేమోనని పనివాడికి ఎప్పుడూ టెన్షనే. 160 ఏళ్ళు దాటినా ఇక్కడ గీతలు తిన్నగానే ఉన్నాయి. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు మనకు తెలుసు. ఈ గాడులు తీసిన చేతుల పేర్లు కూడా అక్కడ రాసి ఉంటే బాగుండేది. పద్దెనిమిదో శతాబ్దంలో మన విశాఖపట్నం పనివాళ్ళు ఇంగ్లీషువాళ్ళ కోసం బల్లలూ పెట్టెలూ చేసి, దంతం పొదిగి, దాని మీద చెక్కిన పూలతీగల్లో లక్క నింపేవారు. ఆ వస్తువులు ఈ మ్యూజియం సేకరణలోనూ ఉన్నాయి. వాటిని విశాఖ పని అంటారే గాని, ఫలానా వారి పని అనరు.

ఈ బీరువాను 1862 అంతర్జాతీయ ప్రదర్శనలో పెట్టారు. అది జరిగిన స్థలంలోనే ఇప్పుడు నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉంది, అంటే రోడ్డు దాటితే చాలు. 1927లో మ్యూజియం సొంతమైంది.

"పదక్కా, ఇంకా నగల గది చూడలేదు" అని చెల్లి తొందరపెట్టింది. వెళ్ళేముందు మోరిస్ బొమ్మలు వేసిన సెయింట్ జార్జ్ బీరువా కూడా చూశాం. దాని డిజైన్ వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్‌ది. అదీ ఆ కాలానిదే, అదీ 1862 ప్రదర్శనలో పెట్టినదే. బొమ్మలు బాగున్నాయి, కానీ నా ఓటు సెడన్ బీరువాకే. మీరు వెళితే కాస్త వంగి తలుపుల అంచులు, రంగులేసిన లోహపు పట్టీలు చూడండి. నిలబడి చూస్తే సగం పని కనబడదు.