దేవుడికి ఇష్టం లేదా, నాకు ఇష్టం లేదా?

నా ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల మోచేతి మడతలే చూస్తుంటాను. సరిగ్గా నరం ఉండే చోటే నల్లగులాబీ పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్లు వస్తే కళ్లు పనిచేయవు, వేలి కొసతో తడిమి నరం వెతుక్కోవాలి. పేర్లు, తేదీలు, చనిపోయిన తల్లుల ముఖాలు, సిలువలు, విడిపోయిన భార్య పేరు మీద అడ్డంగా పొడిపించిన డేగ, ఇలాంటివి చాలా చూశాను. ఆదివారం మాత్రం సంఘంలో యౌవనస్థులకు బైబిలు పాఠం చెబుతాను. అక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఆంటీ, పచ్చబొట్టు పాపమా?"

అడిగేవాళ్ల చూపు ముందు నా చెవుల మీదికి పోతుంది. నా చెవులకు కుట్లు లేవు. మా నాన్నగారు పాస్టరు, నగలు పెట్టుకోని సంప్రదాయం వారిది. మా అమ్మకూ అక్కకూ నాకూ ఎవరికీ చెవులు కుట్టించలేదు. కాబట్టి నా జవాబు ఎలా ఉంటుందో పిల్లలు ముందే ఊహించుకుంటారు. నేను చెప్పేది విన్నాక కొందరు సంతోషిస్తారు, కొందరి తల్లిదండ్రులు సంతోషించరు.

ముందు అందరూ తీసే వచనం. లేవీయకాండము 19:28: "చచ్చినవారికొరకు మీ దేహమును చీరుకొనకూడదు, పచ్చబొట్లు మీ దేహమునకు పొడుచుకొనకూడదు, నేను మీ దేవుడనైన యెహోవాను." ఇంత సూటిగా ఉన్నాక ఇంకేమి చర్చ అంటారు పెద్దలు. సరే, దానికి పై వచనం చదవండి. గడ్డం పక్కలు గొరుక్కోకూడదని ఉంది. అదే అధ్యాయం 19వ వచనంలో రెండు రకాల దారం కలిపి నేసిన బట్ట వేసుకోకూడదని ఉంది. నున్నగా గడ్డం గీసుకుని, పాలిస్టరు కలిసిన చొక్కా వేసుకుని, వేదిక మీద నిలబడి 28వ వచనం మాత్రం గట్టిగా చదివే బోధకులను చూస్తే నాకు లోపల నవ్వు వస్తుంది.

పిల్లలు దీన్ని వెంటనే పట్టుకుంటారు. "అయితే మోషే ధర్మశాస్త్రం కొట్టివేయబడింది కదా, ఇక మనకు సంబంధం లేదు" అంటారు. అంత తొందర వద్దు. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న మాట కూడా ఈ అధ్యాయంలోదే, 18వ వచనం. యేసు దాన్ని రెండో గొప్ప ఆజ్ఞ అన్నాడు. ఒకే అధ్యాయంలో ఒకటి ఎత్తుకుని ఒకటి పారేసేవాళ్లు ఎందుకో చెప్పగలగాలి.

నాకు అర్థమైనంతవరకు కారణం ఆ వచనంలోనే ఉంది. చచ్చినవారికొరకు అన్నాడు. ద్వితీయోపదేశకాండము 14:1 కూడా చనిపోయినవారికోసం ఒళ్లు కోసుకోవడాన్ని, కనుబొమ్మల మధ్య గొరుక్కోవడాన్ని కలిపే నిషేధిస్తుంది. కర్మెలు కొండ మీద బయలు అనే దేవుడి ప్రవక్తలు రక్తం కారేదాకా కత్తులతో కోసుకున్నది కూడా తమ దేవుణ్ణి కదిలించడానికే. ఆ కాలంలో బానిసల ఒంటి మీద యజమాని పేరు వేసే అలవాటూ ఉండేది. ఒంటి మీద గుర్తు అంటే అలంకారం కాదు, ఫలానావారి సొత్తు అని ప్రకటన. అందుకే ఆ వచనం "నేను మీ దేవుడనైన యెహోవాను" అని ముగుస్తుంది. మీరు నావారు, చచ్చినవారి గుర్తులు, వేరే దేవుళ్ల గుర్తులు మీ ఒంటి మీద ఎందుకు అని అది అడుగుతుంది. చర్మం మీద రంగు సంగతి అందులో చిన్న విషయం.

చెవులు, ముక్కు విషయానికి వస్తే మా నాన్నగారి పక్షం ఇంకా ఇబ్బందుల్లో పడుతుంది. తన ఒంటెలకు నీళ్లు తోడి పోసిన రిబ్కాకు అబ్రాహాము సేవకుడు బంగారు ముక్కు కమ్మి పెట్టాడు. యెహెజ్కేలు 16లో దేవుడే యెరూషలేమును పెళ్లికూతురిలా అలంకరిస్తూ ముక్కుకూ చెవులకూ నగలు పెట్టానంటాడు. ఇక నిర్గమకాండము 32లో చెవి పోగులు విప్పి ఇచ్చి బంగారు దూడను చేయించుకున్న జనమే, మూడు అధ్యాయాలు దాటగానే దేవుణ్ణి ఆరాధించే ప్రత్యక్ష గుడారం పనికి పోగులు తెచ్చి కానుకగా ఇచ్చారు. చెవులు అవే. వేరే సందర్భంలో, షెకెము దగ్గర సింధూర వృక్షం కింద యాకోబు విగ్రహాలతో పాటు పోగులను కూడా పాతిపెట్టాడు, ఎందుకంటే ఆ పోగులు ఆ విగ్రహాలతో ముడిపడినవి. వస్తువును కాదు, దాని వెనక ఉన్న మొక్కును చూడాలని నాకు అనిపిస్తుంది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది నిర్గమకాండము 21. ఆరేళ్లు పనిచేసిన దాసుడు ఏడో ఏట విడుదల కావచ్చు. "నా యజమానుణ్ణి ప్రేమిస్తున్నాను, వెళ్లను" అంటే, అతణ్ణి తలుపు దగ్గరికి తీసుకుపోయి కదురుతో చెవి గుచ్చుతారు. ఆ రంధ్రం జీవితాంతం ఉంటుంది. దానికి అతని భార్యాపిల్లలను వదలలేకపోవడం కూడా కారణమే, కాబట్టి దీన్ని మరీ అందంగా చెప్పలేం. అయినా చెవికి రంధ్రం పాపమైతే ఈ ఆజ్ఞ ధర్మశాస్త్రంలో ఉండదు కదా.

నాన్నగారు తన సొంత ఆలోచన మీద నిలబడ్డారని కూడా అనలేను. అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంటు అనే క్రైస్తవ బోధకుడు, క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం చివరి కాలంలో, స్త్రీల చెవులు కుట్టడం ప్రకృతి విరుద్ధమని రాశాడు. ఈనాటికీ సెవెంత్ డే అడ్వెంటిస్టుల్లో, పెంతెకొస్తు సంఘాల్లో చాలామంది నగలకు దూరంగానే ఉంటారు. వారు ఆధారంగా చూపేది 1 పేతురు 3:3, "జడలు అల్లుకొనుటయు, బంగారునగలు పెట్టుకొనుటయు" అన్న చోటు. చిన్నప్పుడు అమ్మ నాకు గట్టిగా జడ అల్లుతుండగా ఈ వచనం నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఆ జడ వేరు, ఈ జడ వేరు" అన్నారు. అదే వచనంలో వస్త్రములు ధరించుకొనుట కూడా ఉంది గాని అంతదూరం అడిగే ధైర్యం అప్పుడు లేదు. బంగారం పెట్టుకోకపోవడంలో సాదాతనం ఉంది, అది మంచిదే. నేను ఇప్పటికీ అలాగే బతుకుతున్నాను. కాని పేతురు అడిగినది లోపలి మనిషి సంగతి. చెవి కుట్టని స్త్రీలలో ఎంత గర్వం ఉండగలదో సంఘంలో పెరిగిన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"క్రైస్తవులకు పచ్చబొట్లు ఎప్పుడూ లేవు" అనే మాట మాత్రం నాకు చిరాకు తెప్పిస్తుంది. ఒకసారి ల్యాబుకు ఐగుప్తు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వచ్చింది. చేయి చాపితే కుడి మణికట్టు లోపలివైపు చిన్న సిలువ. ఎన్నో ఏళ్లనాటిది కాబోలు, అంచులు చెదిరి ఆకుపచ్చ కలిసిన నీలంలోకి తిరిగింది, ముడతల మధ్య ఒక కొస వంగిపోయింది. ఆమె దాన్ని చూపుడు వేలితో తాకి, తరువాత తనను చూపించుకుంది. భాష కలవకపోయినా తెలిసింది. కాప్టిక్ క్రైస్తవులు పిల్లలకు కూడా ఆ సిలువ వేయిస్తారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశంలో అది దాచుకోలేని సాక్ష్యం, చర్చి ద్వారం దగ్గర గుర్తింపు కూడా. ఇథియోపియా, ఎరిత్రియాలలో ఆర్థడాక్స్ స్త్రీల నుదుటి మీద సిలువ కనిపిస్తుంది. బోస్నియాలో ఒట్టోమాన్ పాలన కాలంలో కాథలిక్ స్త్రీలు చేతుల మీద సిలువలు పొడిపించుకునేవారు. గాజాకు చెందిన ప్రొకోపియస్ ఆరో శతాబ్దంలోనే, మణికట్ల మీద, చేతుల మీద సిలువ గుర్తో క్రీస్తు పేరో వేయించుకున్న క్రైస్తవుల గురించి రాశాడు.

యెరూషలేము యాత్రికుల కథ ఇంకా పెద్దది. యాత్ర చేసినందుకు గుర్తుగా చేతి మీద సిలువ వేయించుకోవడం వందల ఏళ్ల అలవాటు. ముందు చెక్క అచ్చుతో చర్మం మీద బొమ్మ దింపి, ఆ గీతల వెంట సూదితో పొడిచేవారు. విలియం లిత్గో అనే స్కాట్లండ్ యాత్రికుడు 1612లో అక్కడ యెరూషలేము సిలువతో పాటు తన రాజు జేమ్స్ కిరీటం కూడా వేయించుకున్నాడు. తరువాత స్పెయిన్‌లోని మలగాలో అతణ్ణి గూఢచారిగా అనుమానించి పట్టుకున్నారు, మతవిచారణ అధికారుల చేతికి చిక్కి చిత్రహింసలు పడ్డాడు. ఆ చేతి మీది గుర్తులను మాంసంతో సహా చీల్చివేశారు. క్రైస్తవుడు వేయించుకున్న గుర్తును క్రైస్తవులే చీల్చివేసిన చరిత్ర మనది! 1862లో, తరువాత ఏడవ ఎడ్వర్డు కాబోయే ఇంగ్లండ్ యువరాజు యెరూషలేములో చేతి మీద సిలువ వేయించుకున్నాడు. ఆయన్ను సంఘం నుంచి వెలివేసినట్లు నేనెక్కడా చదవలేదు.

మరో వైపు కూడా చెప్పాలి. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నాలుగో శతాబ్దం మొదట్లో నేరస్థుల ముఖం మీద గుర్తులు వేయడాన్ని నిషేధించాడు. పరలోక సౌందర్యపు పోలికలో చేయబడిన ముఖాన్ని పాడుచేయకూడదన్నాడు. అయితే చేతుల మీద, కాళ్ల మీద వేయవచ్చన్నాడు! పసిఫిక్ దీవులలో ప్రొటెస్టంటు మిషనరీలు పచ్చబొట్లను అన్యాచారంగా చూశారు, తాహితీలో ఆ కళ దాదాపు అంతరించింది. సమోవాలో నిలిచింది, ఈనాడు అక్కడి క్రైస్తవులు చర్చికి వెళ్లేది వాటితోనే. 2018 మార్చిలో పోపు ఫ్రాన్సిస్, యువతతో జరిగిన సమావేశంలో, పచ్చబొట్లకు భయపడవద్దు, అవి మాట కలపడానికి అవకాశం ఇస్తాయి అని చెప్పాడు. మితిమీరితేనే సమస్య అని కూడా అన్నాడు.

"మీ దేహము పరిశుద్ధాత్మకు ఆలయము" అన్న మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. 1 కొరింథీయులకు 6వ అధ్యాయంలో పౌలు మాట్లాడుతున్నది వేశ్యల దగ్గరికి పోవడం గురించి, సూదుల గురించి కాదు. అయినా "మీరు మీ సొత్తు కారు" అన్న సూత్రం చర్మానికీ వర్తిస్తుందని నేను ఒప్పుకుంటాను. ఒక కుర్రాడు, "సొలొమోను ఆలయం గోడల నిండా కెరూబులు, ఖర్జూరపు చెట్లు, పువ్వులు చెక్కించాడు కదా ఆంటీ" అన్నాడు. నవ్వాను గాని ఒప్పుకోలేదు. పోలికను అంతదూరం లాగితే చిరుగుతుంది. ఆలయం అన్న మాటతో సూదినే పట్టుకునేవాళ్లు తిండిని, నిద్రను, కోపాన్ని ఎందుకు వదిలేస్తారో కూడా చెప్పాలి.

ప్రకటన గ్రంథం 13లో, మనుషుల కుడిచేతి మీదో నుదుటి మీదో వేస్తారన్న మృగపు ముద్ర గురించి భయపడేవారికి ఒక్క మాట. అది ఆరాధనకు గుర్తు, మణికట్టు మీది సీతాకోకచిలుక కాదు.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. మా సంఘానికి ఒకాయన చాలాకాలం పొడుగు చేతుల చొక్కాతోనే వచ్చేవాడు, ఎంత ఎండలోనైనా మణికట్టు గుండీలు విప్పడు. బాప్తిస్మం రోజు నీళ్లలోంచి లేచినప్పుడు తడిసిన తెల్లబట్ట చేతికి అతుక్కుపోయింది. పాత జీవితంలో తాను తిరిగిన ముఠా గుర్తు భుజం నుంచి మోచేతి దాకా బట్టలోంచి స్పష్టంగా కనిపించింది. వెనక వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన రెండో చేత్తో దాన్ని కప్పుకోబోయాడు. పాస్టరు గారు ఆ చేతిని పట్టుకుని కిందికి దింపి, పచ్చబొట్టున్న చేతినే పట్టుకుని మెట్లు ఎక్కించారు. తరువాత ఒక పెద్దాయన ఆ మనిషి దగ్గరికి వెళ్లి, లేజరుతో తీయించుకోవచ్చని సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే అన్నాడేమో. కాని పశ్చాత్తాపం అయ్యాక చర్మానికి ఇంకో బాప్తిస్మం కావాలా? యెరూషలేము సభలో పెద్దలు అన్యజనులకు సున్నతి అనే షరతు పెట్టలేదు. శరీరం మీది గుర్తు సంఘానికి తలుపు కాదని అపొస్తలుల కార్యములు 15 అప్పుడే తేల్చింది.

ఇంకొక సంగతికి నాకు కోపం కూడా వస్తుంది. గలతీయులకు 6:17ను, "నేను యేసు యొక్క ముద్రలు నా శరీరమందు ధరించియున్నాను" అన్న వచనాన్ని, భుజం మీద అందమైన అక్షరాల్లో పొడిపించుకునేవాళ్లను చూస్తే. పౌలు ముద్రలు డబ్బిచ్చి వేయించుకున్నవి కావు. ఒకటి తక్కువ నలభై దెబ్బలు అయిదుసార్లు, బెత్తాలతో మూడుసార్లు, రాళ్లతో ఒకసారి. వేయించుకోవాలంటే ఇంకే వచనమైనా వేయించుకోండి.

ల్యాబు మనిషిగా కూడా కొంత చెబుతాను, ఇందులో వేదాంతం లేదు. సిరా పైచర్మం కింది పొరలోకి వెళుతుంది. రక్షణ కణాలు ఆ రేణువులను మింగి అక్కడే ఉండిపోతాయి, అందుకే పోదు. శుభ్రం చేయని సూదితో హెపటైటిస్ బి, సి రావచ్చు. కొత్తగా వేయించుకున్నవారి నుంచి చాలా రక్తనిధులు కొంతకాలం రక్తం తీసుకోవు. చెవి పైభాగపు మృదులాస్థికి రక్తప్రసరణ తక్కువ, అక్కడ కుట్టు మానడానికి నెలలు పడుతుంది, చీము పడితే చెవి ఆకారమే మారవచ్చు. నాలుకకు పుల్ల పెట్టించుకుంటే పళ్లు చిట్లవచ్చు.

నా సంగతి అడిగితే, నేను పచ్చబొట్టు వేయించుకోను. నాకు ఇష్టం లేదు, అంతే. అది నా అభిరుచి, దాని కింద దేవుడి సంతకం పెట్టే అధికారం నాకు లేదు. రోమీయులకు 14లో తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని ఉంది. మొదటి సగం పిల్లలకు, రెండో సగం పెద్దలకు చదివి వినిపిస్తాను. ఎవరిది వారికి నచ్చదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ఇంకొకటి చెబుతాను: తల్లిదండ్రులకు తెలియకుండా చేయించుకుంటే, అక్కడ ప్రశ్న లేవీయకాండానిది కాదు, తల్లిదండ్రులను సన్మానించమన్న అయిదో ఆజ్ఞది.

మొన్న తరగతిలోని ఒక అమ్మాయి ఫోనులో బొమ్మ చూపించింది. మణికట్టు మీద హెబ్రీ అక్షరాల్లో యెషయా 49:16, "నా యరచేతులమీదనే నిన్ను చెక్కియున్నాను". వయసు వచ్చిన పిల్ల, ఉద్యోగం ఉంది, ఆరు నెలలుగా ఆలోచిస్తున్నానంది. వద్దనలేదు. హెబ్రీ కుడి నుంచి ఎడమకు రాస్తారని, అక్షరాలు తిరగబడిన మణికట్లు ఉంటాయని, చదవడం వచ్చినవాళ్లకు చూపించి సరిచూసుకోమని, ప్రతి సూది కొత్త పొట్లం లోంచి తీయడం కళ్లారా చూడమని చెప్పాను. చేయి చెక్కించుకున్నది ఆయనైతే మళ్లీ నువ్వెందుకు చెక్కించుకోవడం అని కూడా అడిగాను. ఆలోచించి చెబుతానంది. వాళ్లమ్మ మాత్రం నేనే పిల్లను చెడగొట్టానని పాస్టరు గారికి ఫిర్యాదు చేసింది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురం కూర్చుని మాట్లాడాలట. మా నాన్నగారు కూడా వస్తానంటున్నారు, క్లెమెంటు పుస్తకం పట్టుకుని.