కర్నూలు బావిలో డైవ్‌మాస్టర్ రెస్క్యూ ప్రిపరేషన్

ఫ్రెండ్స్, ప్యాడీ డైవ్‌మాస్టర్, అంటే స్కూబా డైవింగ్‌లో ప్రొఫెషనల్ స్థాయి కోర్సు, అయిపోయింది! అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ నుంచే రాస్తున్నాను, ఒళ్ళంతా ఇంకా నొప్పులే, కానీ సంతోషం పట్టలేకపోతున్నాను. సముద్రం లేని ఊళ్ళో ఉన్నాం, మనవల్ల ఏమవుతుందిలే అనుకునేవాళ్ళ కోసం ఇది.

కోర్సు పరీక్షల్లో 400 మీటర్ల ఈత, 800 మీటర్ల స్నార్కెల్ (ముఖం నీళ్ళలో పెట్టి, గొట్టంతో ఊపిరి పీలుస్తూ ఈదడం), 15 నిమిషాలు నేలకి కాలానకుండా నీళ్ళలో తేలడం, వీటికి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. ఊళ్ళో ఏ పూల్ ఉంటే ఆ పూల్‌లో రోజూ తెల్లారి దిగండి, చాలు. 800లో చేతులు వాడనివ్వరు కాబట్టి ఫిన్స్‌తో (కాళ్ళకి తొడిగే రెక్కలు) కాళ్ళకే ఎక్కువ పని పెట్టండి.

అసలు కష్టం స్పృహలేని డైవర్‌ని లాగుతూ ఊపిరి ఊదడం. పూల్‌లో దీనికి చోటివ్వరు. మా పెదనాన్న పొలంలో దిగుడుబావి ఉంది, మా చిన్నాన్న కొడుకు 80 కిలోల మనిషి. వాడికి లైఫ్ జాకెట్ తొడిగి, వెల్లకిలా తేల్చి, బావి చుట్టూ లాగేవాణ్ణి, గట్టు మీద ఈతొచ్చిన ఇంకో మనిషిని పెట్టుకునే. నేను మందపాటి ప్యాంటూ చొక్కాతో దిగేవాణ్ణి, తడిస్తే అవి బాగా వెనక్కి లాగుతాయి. ఐదు సెకన్లకోసారి ఊదాలి కదా, గబగబా తన్నితే మనకే ఆయాసం వచ్చి ఊదడానికి ఊపిరి మిగలదు, పిక్కలు పట్టేస్తాయి. ఒక సాయంత్రం మోకాలు వదిలేసి తొడ మొదట్నుంచి, కవ్వం తిప్పినట్టు ఒకే లయలో తన్ని చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఊదు. చంక కిందుగా పోనిచ్చిన చెయ్యి బిగుసుకోలేదు, వాడి ముఖం మీదికి నీళ్ళు రాలేదు, పైగా చుట్టు తొందరగా పూర్తయింది! అక్కణ్ణుంచి నాకు దారి దొరికింది. 100 మీటర్ల టో, అంటే ఇంకో డైవర్‌ని లాగే పరీక్ష, 2 నిమిషాల 10 సెకన్లలోపు అయితే 5 పాయింట్లు, నిజమే, కానీ ముందు లయ పట్టుకోండి, టైమ్ అదే తగ్గుతుంది.

తర్వాత వాణ్ణి భుజానేసుకుని బావి మెట్లు ఎక్కడం. రోజూ బస్కీలు తియ్యనివాళ్ళకి ఇది రాదు. సిగరెట్ మానకుండా, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తూ, నాకు స్టామినా లేదన్నా అని మెసేజ్ పెట్టకండి దయచేసి. ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో ఇంత డబ్బు నీళ్ళపాలు చేస్తున్నావని మాటలు పడుతూ నేను చేశాను. ఎండాకాలం వస్తే కె.సి. కాలువలో ఈతకెళ్ళిన పిల్లలు మునిగిపోయారన్న వార్త వింటూనే ఉంటాం, మన వైపు మనిషిని నీళ్ళలోంచి తియ్యడం తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పండి? ఈ చదువు దండగ ఎలా అవుతుంది?

మెడికల్ ఫామ్ మీద డాక్టర్ సంతకం 12 నెలల లోపుది, ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ 24 నెలల లోపుది ఉండాలి, ఊళ్ళోనే చూసుకుని బయల్దేరండి. కోర్సులో చేరడానికి 40 డైవ్‌లు, పూర్తయ్యేసరికి 60 లాగ్‌బుక్‌లో (డైవ్‌లు రాసుకునే పుస్తకం) కనపడాలి. కర్నూలు, నంద్యాల వాళ్ళెవరైనా ప్రిపేర్ అవుతుంటే చెప్పండి, వచ్చే నెలలో ఊరికొస్తున్నాను, ఆదివారాలు బావి దగ్గర కలిసి చేద్దాం, లైఫ్ జాకెట్లు నా దగ్గరున్నాయి.