ఎన్టీఆర్ ముఖం అచ్చేసిన నా అనుభవం

నిన్న సాయంత్రంతో నా స్క్రీన్ ప్రింటింగ్ (సన్నటి గుడ్డ గుండా రంగు నొక్కి అచ్చేసే పద్ధతి) కోర్సు అయిపోయింది. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు రంగు వదల్లేదు. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

మేం షికాగోలో ఉంటాం. దగ్గర్లోని ఒక కాలేజీలో శనివారాలు క్లాసు, మొత్తం ఎనిమిది వారాలు. ఫ్రేముకు గుడ్డ బిగించడం, వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూయడం, లైటు కింద పెట్టి నీళ్లతో కడగడం ఇవేవీ నాకు కష్టం కాలేదు. తెనాలిలో మా మేనమామకు పెళ్లికార్డుల ప్రెస్సు ఉండేది. రంగు లాగే రబ్బరు పట్టీ, అదే స్క్వీజీ, ఎలా లాగాలో చిన్నప్పుడే చూశాను. మొదటి రోజే అంచులు చెదరకుండా ప్రింటు తీసింది మా క్లాసులో నేనొక్కదాన్నే.

చివరి ప్రాజెక్టు ఏమిటంటే, ఒక రాజకీయ నాయకుడి ముఖం పాప్ ఆర్ట్ (ప్రకటనలు, పోస్టర్ల బొమ్మలతో చేసే కళ) పద్ధతిలో ప్రింట్ చేయాలి, ఆయన్నే ఎందుకు ఎంచుకున్నామో ఒక పేజీ రాయాలి. రెండో ఆలోచన లేకుండా ఎన్టీఆర్ అనుకున్నాను. ఖాకీ బట్టల్లో ఉన్న ఫొటో ఒకటి తీసుకుని, ముఖానికి గులాబీ రంగు, వెనక ఆకుపచ్చ వేశాను.

ఆరో వారం అందరివీ గోడకు తగిలించారు. మా టీచర్ నా దాని ముందు ఆగి, "ఇది అభిమాని వేసిన పోస్టరు. రంగు మారిస్తే పాప్ ఆర్ట్ అయిపోదు. ఈయన్నే ఎందుకు?" అన్నాడు. ఆయనంటే మాకు చాలా గౌరవం అన్నాను. "గౌరవం ఉంటే ఫొటో ఫ్రేము కట్టించుకోవచ్చుగా" అన్నాడు. పన్నెండు మంది ముందు. వెనక ఎవరో నవ్వారు. నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక అన్నం కూడా సయించలేదు. తర్వాత ఆలోచిస్తే అడిగింది సరైన ప్రశ్నే. కానీ అడిగినవాడు ఎటు వెతకాలో కూడా ఒక మాట చెప్పాలి. మనిషిని అలా నిలబెట్టి పక్కవాళ్ల బొమ్మ దగ్గరికి వెళ్లిపోవడం గురువు పద్ధతి కాదు.

మర్నాడే షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంకు వెళ్లాను. అక్కడ పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేసిన చైనా నాయకుడు మావో బొమ్మ ఉంది. దాదాపు పదిహేను అడుగుల ఎత్తు. బుగ్గలకు ఎర్ర రంగు, కళ్ల మీద నీలం, కోటు మీద ఇష్టం వచ్చినట్టు లాగిన కుంచె గీతలు. ఆ రంగుల కింద ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లొచ్చిన ఏడాదే వార్హోల్ ఈ బొమ్మలు మొదలుపెట్టాడు. మావోను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసింది కాదు, చైనాలో అందరి చేతుల్లో ఉన్న, మావో మాటల ఎర్ర పుస్తకంలోని ఫొటో అది. అక్కడ నిలబడ్డాక నాకు తట్టింది. పాప్ ఆర్ట్ వాళ్లు వేసేది నాయకుణ్ణి కాదు, అప్పటికే అచ్చయి జనం కళ్లలో పడిపోయిన ఆయన బొమ్మని. వార్హోల్ వేసిన సూప్ డబ్బా లేబులూ అలా వచ్చిందే. టైమ్స్ స్క్వేర్‌లో హోర్డింగులు గీసి బతికిన జేమ్స్ రోజెన్‌క్విస్ట్ కూడా కెనెడీ ముఖాన్ని ఎన్నికల పోస్టరు నుంచే తీసుకుని, పక్కనే కేకు ముక్క, షెవ్రోలే కారు వేశాడు. ఓటు అడిగే ముఖం, కొనమనే సరుకు ఒకే హోర్డింగు మీదికి వచ్చాయి.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి, మనం ఎన్టీఆర్ బొమ్మ ఎక్కడెక్కడ చూసేవాళ్లం అని అడిగాను. "మన అరుగు పక్క గోడ మీదే ఉండేది కదమ్మా. ముఖం ఆకారంలో రేకు కత్తిరించి, దాని మీద రంగు పూసి వేశారు. సున్నం కొట్టించినప్పుడల్లా మీ నాయనమ్మ ఆ ముఖం వదిలేసి చుట్టూ కొట్టించేది" అన్నాడు. ఒళ్లు జలదరించింది. 1982 మార్చిలో పార్టీ పుట్టింది, 1983 జనవరికి అధికారంలోకి వచ్చింది. సినిమా పోస్టర్లు పడే గోడల మీదే పార్టీ పోస్టర్లు పడ్డాయి. ఆ ముఖాన్ని ఎవరికీ కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేకపోయింది.

మళ్లీ మొదటి నుంచి చేశాను. ఈసారి ఫొటో వాడలేదు, రేకు బొమ్మలా చేత్తో గీసి కత్తిరించాను. మీరు ఫొటో వాడేట్టయితే అది ఎవరు తీశారో ముందే కనుక్కోండి. అమెరికా చిత్రకారుడు షెపర్డ్ ఫేరీ 2008లో వేసిన ఒబామా పోస్టరు అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ ఫొటో నుంచి తీసుకున్నది. ఆ గొడవ కోర్టుకెక్కి 2011లో గానీ రాజీ కాలేదు.

ఒకే ముఖం తొమ్మిది సార్లు, పసుపులో. ఒక్కో వరసకీ చుట్టూ సున్నపు తెలుపు ఇంకో పూత. చివరి వరసలో గోడంతా తెల్లబడింది, ముఖం ఒక్కటే మిగిలింది. పేజీలో నాయనమ్మ గురించే రాశాను.

నిన్న టీచర్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇప్పుడు అర్థమైంది" అన్నాడు. ఆరో వారం మాటకు సారీ మాత్రం చెప్పలేదు. ఒక కాపీ కాలేజీలో పెట్టుకుంటామని అడిగితే ఇచ్చాను. ఇంకోటి ట్యూబులో చుట్టి పెట్టాను. వచ్చే నెల మా చెల్లి ఇండియా వెళ్తోంది, దాని సామానులో నాన్నకు పంపిస్తున్నాను.