సాగర్‌లో గంట, శ్రీశైలం దాకా ఆరు గంటలు

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు నాగార్జునసాగర్ హిల్‌కాలనీ లాంచి స్టేషన్‌లో నిలబడితే, ఎవరు ఏ లాంచి ఎక్కుతారో సంచులు చూసి చెప్పొచ్చు. చేతిలో ఒక నీళ్ల సీసా, మెడలో ఫోను ఉంటే జాలీ రైడ్‌కు. చక్రాల పెట్టె, స్టీలు టిఫిన్, దుప్పటి మూట, ఆ మూట మీద కూర్చున్న ఒక ముసలమ్మ ఉంటే శ్రీశైలానికి. ఈసారి మేం రెండో రకం. నల్లగొండ నుంచి పెద్దవాళ్లం నలుగురం, పిల్లలు ఇద్దరు. సాగర్ నీళ్ల మీద అరగంట జాలీ రైడూ, నాగార్జునకొండ పూటా ఇంతకుముందు చూసినవే కాబట్టి, ఈ పొడుగు ప్రయాణం వాటికి ఎక్కడ తేడా వస్తుందో అడుగడుగునా తెలిసింది.

ముందుగా నీళ్ల లెక్క. సాగర్ నిండితే 590 అడుగులు. నీళ్లు బాగా కిందికి దిగినా జాలీ రైడ్ ఆగదు, డ్యాం దగ్గర లోతుకు కొదువ లేదు. శ్రీశైలం లాంచికి అట్లా కాదు. సుమారు 110 కిలోమీటర్ల దారిలో చివరి భాగం ఇరుకు లోయ, అడుగున బండరాళ్లు. జలాశయం నిండుగా ఉంటేనే అక్కడ లాంచి తిరిగేంత లోతు దొరుకుతుంది. అందుకే వరద తగ్గి గేట్లు మూశాక, అక్టోబరు నుంచి మొదలుపెట్టి నీళ్లు కిందికి పోయేదాకానే ఈ ట్రిప్పు. పేపర్ల జిల్లా పేజీల్లో నీటిమట్టం రోజూ అడుగుల్లో వేస్తారు. టికెట్టు చేయించుకునే ముందు వారం రోజుల అంకెలు చూసుకోవాలి. 585 దాటి నిలకడగా ఉంటే నిశ్చింత. రోజుకు అడుగు చొప్పున పడిపోతుంటే మాత్రం ఆలోచించాల్సిందే. ఇంకోటి, పొడుగు ట్రిప్పుకు సరిపడా జనం బుక్ కాకపోతే లాంచి కదలదు. ముందు రోజు సాయంత్రం ఫోను చేసి అడగకుండా ఇల్లు కదలొద్దు. అరగంట రైడ్‌కు ఇవేవీ అక్కర్లేదు, పోయి నిలబడితే చాలు.

నాగార్జునకొండ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. డ్యాం నుంచి 14 కిలోమీటర్లు, పోను ముప్పావు గంట, గంట. దీవి మీద పురావస్తు శాఖ మ్యూజియం, ముంపు కింది నుంచి తెచ్చి పైన నిలబెట్టిన ఇక్ష్వాకుల కాలపు కట్టడాలు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది. దీనికి ఆంధ్ర వైపు లాంచీలు కుడిగట్టున విజయపురి సౌత్ నుంచి కదులుతాయి. హిల్‌కాలనీకి వచ్చి, ఆ లాంచి ఇక్కడిది కాదని తెలిసి, డ్యాం కింది వంతెన దాటి ఉరికేవాళ్లు ప్రతి ఆదివారం కనబడతారు. ఈ ట్రిప్పులో గడియారమే పెద్ద. దీవి మీద ఇచ్చే సమయం తక్కువ. రేవు నుంచి మ్యూజియం దాకా నడక ఉంది కాబట్టి, ముసలివాళ్లు వెంట ఉంటే మ్యూజియం ఒక్కటే పెట్టుకుని మిగతాది వదిలెయ్యాలి.

ఇక డబ్బు. 2024లో శ్రీశైలం లాంచీ మళ్లీ మొదలైనప్పుడు ఒకవైపు టికెట్టు పెద్దలకు 2000, పిల్లలకు 1600 రూపాయలు. రెండు వైపులా అయితే 3000, 2400. మా ఆరుగురికి ఆ ధరల్లో ఒకవైపు 11,200, రెండు వైపులా 16,800. అంటే తిరుగు ప్రయాణానికి పడేది 5,600 మాత్రమే. చవకే అనిపిస్తుంది. కానీ తిరుగు లాంచి అంటే రెండో రోజూ అదే లోయ, అవే కుర్చీలు, అదే ఆరు గంటలు. పదేళ్ల లోపు పిల్లలతో అయితే ఒకవైపు లాంచి, రెండో వైపు రోడ్డు అనే మాటకే మేం కట్టుబడతాం. కాకపోతే కారు సాగర్‌లో ఉండిపోతుంది. దాని సంగతి చివర్లో.

ఎక్కేటప్పుడే మొదటి తేడా. సాగర్ 590 దగ్గర ఉన్నప్పుడు రేవు మెట్లు పది దిగితే లాంచి అందుతుంది. మట్టం 15 అడుగులు తగ్గితే అర అడుగు మెట్లు 30 కొత్తగా బయటపడ్డట్టే. దిగడం పర్వాలేదు. అవతల దిగే రేవు లింగాలగట్టు దగ్గర, ఆరు గంటలు కూర్చుని బిగుసుకుపోయిన మోకాళ్లతో ఎక్కడం కష్టం. రేవుకూ లాంచికీ మధ్య వేసే పలక మీద ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని పక్కన నడిపించొద్దు, పలక ఒక మనిషి వెడల్పే ఉంటుంది. ముందు ఒకరు ఎక్కి చెయ్యి అందియ్యాలి, వెనక ఒకరు నిలబడాలి. సామాను ఆఖరున.

లైఫ్ జాకెట్ గురించి ఒక మాట. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచి మునిగినప్పటి నుంచి జాకెట్ల మీద పట్టుదల పెరిగింది, మంచిదే. అరగంట రైడ్‌లో జాకెట్ విప్పే ప్రశ్నే రాదు. ఆరు గంటల్లో మాత్రం గంట దాటగానే ఉక్క పోస్తుందని అందరూ విప్పి కుర్చీకి తగిలిస్తారు. పిల్లల జాకెట్ కొలత ఎక్కేటప్పుడే చూడాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది పిల్లవాడిది కాదు. మార్చి ఇమ్మని అడగాలి, కదిలిన తర్వాత అడిగితే చిన్నవి మిగలవు.

కూర్చునే చోటు మీద పొడుగు ట్రిప్పు సగం ఆధారపడుతుంది. లాంచి పోయేది మొత్తమ్మీద నైరుతికి. చలికాలం ఎండ దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి మధ్యాహ్నం దాకా ఎడమ వైపు కుర్చీలు కాలిపోతాయి. కుడి వైపు నీడ. తిరుగు ప్రయాణంలో పొద్దుటి ఎండ కుడి వైపు, నీడ ఎడమ వైపు. ఎట్లా చూసినా నీడ తెలంగాణ గట్టు దిక్కే, ఇందులో మన గొప్ప ఏమీ లేదు గానీ గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. పై డెక్కు మీదికి అందరూ మొదటి గంటలోనే ఎగబడతారు. అప్పుడు చూడ్డానికి ఉండేది వెడల్పాటి నీళ్లే. ఆ గంట కింద కూర్చుని, లోయ ఇరుకయ్యాక పైకి పోతే చోటూ దొరుకుతుంది, కొండలూ దగ్గరికి వస్తాయి. వెనక వరస మాత్రం వద్దు. డీజిల్ పొగ, ఇంజను అదురు రెండూ అక్కడే. జలాశయంలో సముద్రపు అలలు ఉండవు, అయినా పిల్లలకు వాంతులు అవుతాయి. ఎక్కువసార్లు కారణం ఆ పొగా, తల వంచి ఫోను చూడడమూ. కింది డెక్కులో నడిమధ్యన కూర్చోబెట్టి దూరపు గట్టు చూడమంటే తగ్గుతుంది. మాత్ర వేసే అలవాటు ఉన్నవాళ్లు ఎక్కడానికి అరగంట ముందే వెయ్యాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసినది నిలవదు.

మొదటి గంటన్నర బాగా గడుస్తుంది. డ్యాం వెనక్కి పోతుంది, నాగార్జునకొండ పక్కకు వస్తుంది, తర్వాత ఏలేశ్వరం గట్టు. పాత ఏలేశ్వరం ఊరు నీళ్ల కింద ఉందని చెబితే పిల్లలు రెయిలింగు మీద వంగి ఇండ్లు కనబడతాయా అని చూస్తారు, వెనక నుంచి అంగీ పట్టుకోవాలి. నేరెడుగొమ్ము దిక్కున వైజాగ్ కాలనీ అని ఒక ఊరు ఉంది, చేపల కోసం జనం ఆదివారాలు కార్లు కట్టుకుని వచ్చేది ఈ నీళ్లకే. అక్కడి నుంచి ఫోను సిగ్నల్ ఒకటి ఒకటిగా పడిపోతుంది. అరగంట రైడ్‌లో వీడియోకాల్ చేసి చూపించే సరదా ఇక్కడ లేదు. గది బుకింగ్, దర్శనం టికెట్టు, ఆధార్ ఫొటోలు ఫోన్‌లో దింపుకుని పెట్టుకోవాలి. దిగాక మనల్ని తీసుకుపోయే ఆటో లేదా కారు మనిషికి గంట అటూ ఇటూ అవుతుందని ముందే చెప్పాలి, మధ్యలో చెప్పే దారి లేదు.

తర్వాత రెండు దిక్కులా నల్లమల. పోయేటప్పుడు మన కుడి చేతి దిక్కు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, ఎడమ చేతి దిక్కు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం. ఎక్కడా దింపరు. పులి కనబడుతుందని పిల్లలకు ఆశపెట్టొద్దు, ఇంజను చప్పుడుకు గట్టున కోతి కూడా నిలబడదు. మొసళ్లు ఎండకు బండల మీద పడుకుంటాయి, చూస్తే అవే చూడాలి.

పదకొండున్నర నుంచి అసలు పరీక్ష. గంట లాంచిలో నీళ్లు చూస్తాం, ఆరు గంటల లాంచిలో మనవాళ్ల ముఖాలు చూస్తాం. పిల్లలకు కొండ, నీళ్లు, మళ్లీ కొండ. మేం గుడ్డ మీద గీసిన అష్టాచెమ్మా పటం పట్టుకుపోయాం. బల్ల మీద పరిస్తే ఇంజను అదురుకు గవ్వలు వాటంతట అవే తిరగబడ్డాయి, ఎనిమిది పడిందా నాలుగా అని పంచాయితీ. మడత దుప్పటి కింద పెట్టి దాని మీద పటం పరిస్తే నిలిచాయి. పేకముక్కలు పై డెక్కు మీద పనికిరావు, గాలికి కృష్ణలో కలుస్తాయి.

భోజనం లాంచిలోనే పెడతారు. కానీ అది ఒంటిగంటకు తక్కువ కాదు, వరస చివర్లో ఉంటే రెండు. షుగర్ ఉన్నవాళ్లకు అంతసేపు కుదరదు. మా నాయనమ్మకు పదకొండింటికి ఒక జొన్నరొట్టె, పెరుగు పెట్టాం. పెరుగన్నం కన్నా పులిహోర, సకినాలు, గారెలు నయం, ఒలకవు, చెడవు. నీళ్లు మనిషికి లీటరున్నర. ఖాళీ సీసాలకు ఒక సంచి విడిగా పెట్టుకోవాలి, అడవి మధ్య నీళ్లల్లో పారేసే అలవాటు మనకు ఎక్కువ.

మరుగుదొడ్ల సంగతి ఎవరూ రాయరు గానీ పొడుగు ట్రిప్పులో అదే ముఖ్యం. ఉండేవి ఒకటి రెండు. తిన్న అరగంటకు వరస కడతారు, నేల తడిసి జారుతుంది. ముసలివాళ్లను, చిన్నపిల్లలను భోజనాలు మొదలవ్వక ముందే తీసుకుపోవాలి. టిష్యూ కాగితం, జారని చెప్పులు మనవే. లాంచి మలుపు తిరుగుతున్నప్పుడు పంపొద్దు, తలుపు తనంతట తాను తెరుచుకుంటుంది.

రెండు దాటాక ఎండ ఎదురుగా దిగుతుంది, గట్లు నిటారుగా లేస్తాయి. పైన శ్రీశైలం డ్యాంలో కరెంటు ఉత్పత్తి చేస్తుంటే నీళ్లు ఎదురు వస్తాయి, లాంచి నెమ్మదిస్తుంది. మూడున్నర అనుకున్నది నాలుగున్నర కావడం అందుకే. శ్రీశైలం డ్యాం కింద లింగాలగట్టు దగ్గర దింపుతారు. గుడి అక్కడ లేదు, ఘాట్ రోడ్డు మీద పైకి పోవాలి. లాంచి కాలమూ కార్తీకమాసమూ కలిసి వస్తాయి, సోమవారం ముందటి శనాదివారాల్లో కొండ మీద గది దొరకడం గగనం. ముందు గది, ఆ తర్వాతే లాంచి టికెట్టు. స్పర్శ దర్శనానికి మగవాళ్లకు పంచె, ఆడవాళ్లకు చీర లాంటి సంప్రదాయ బట్టలు కావాలి. అవి పెద్ద పెట్టె అడుగున కాకుండా చేతి సంచిలో ఉండాలి.

పాలమూరు దిక్కువాళ్లకు సోమశిల దగ్గర. కొల్లాపూర్ నుంచి సుమారు పది కిలోమీటర్లు. ఇక్కడి నుంచీ శ్రీశైలానికి లాంచి ఉంది, ఏడు గంటలు. 2024లో ధర అదే. చాలామంది ఈ రెండూ ఒకే నీళ్లు అనుకుంటారు. సోమశిలది శ్రీశైలం డ్యాం పైనున్న జలాశయం, 885 అడుగుల లెక్క. సాగర్‌ది డ్యాం కింద. మధ్యలో గోడ ఉంది, ఒక లాంచిలో ఇటు నుంచి అటు పోలేం. సోమశిలలో పొట్టి ప్రయాణం అంటే చిన్న బోటులో అవతల సంగమేశ్వరం వైపు పోయి రావడం. ఆ గుడి నీళ్లు దిగితేనే బయటపడుతుంది, ఎండాకాలం సంగతి. పొడుగు లాంచికి నీళ్లు నిండాలి, గుడికి నీళ్లు దిగాలి. కాబట్టి రెండూ ఒకే ట్రిప్పులో పెట్టుకుంటామని చుట్టాలకు మాట ఇయ్యొద్దు. నవంబరులో పోయినవాళ్లు లాంచి ఎక్కాలి, ఏప్రిల్‌లో పోయినవాళ్లు గుడి చూసి, రేవులో చేపల వేపుడు తిని రావాలి.

సాగర్‌లో వదిలిన కారు సంగతి. ఒకవైపు టికెట్టు తీసుకుంటే, డ్రైవరు తెలిసినవాడైతే లాంచి కదలగానే కారుతో దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం రమ్మనాలి. మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు. పోయేటప్పుడు దానితో ఇబ్బంది లేదు, పగలే దాటుతాడు. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం హారతి చూసి ఏడున్నరకు కొండ దిగుదామంటే ఘాట్ మలుపుల్లో ఆలస్యమై గేటు దగ్గర ఆగిపోతాం. ఐదున్నరకే కదలాలి, లేదా ఇంకో రాత్రికి గది ముందే చెప్పి పెట్టుకోవాలి.