శనివారం రాత్రి మాత్ర: కీళ్ళవాతంతో నా అనుభవం

2018 దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజు నా చేతిలోంచి చాక్‌పీసు జారిపోయింది. వంగి తీసుకుని మళ్ళీ రాయబోతే వేళ్ళు ముడుచుకోలేదు. రాజమహేంద్రవరం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను నేను. వానలకి పట్టేసి ఉంటాయి, అవే సర్దుకుంటాయి అనుకున్నాను. సంక్రాంతికల్లా పొద్దున లేచాక గంటన్నర దాకా గ్లాసు పట్టుకోలేని స్థితి వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయే నాకు జడ వేసేది.

ఊళ్ళో డాక్టరుగారు నొప్పి మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు అవే మింగాను. చివరికి విశాఖలో రుమటాలజిస్టు, అంటే కీళ్ళ జబ్బుల నిపుణుడి దగ్గరికి వెళ్తే రక్తపరీక్షలు రాశారు. ఈ జబ్బును పట్టిచ్చే యాంటీ సీసీపీ పాజిటివ్ వచ్చింది, ఒంట్లో వాపును చూపే ఈఎస్సార్ 78 ఉంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం అన్నారు. మోకాళ్ళ అరుగుదల లాంటిది కాదిది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది. వాపును అదుపు చెయ్యకపోతే ఎముక కొరుక్కుపోతుంది, అలా పోయింది మళ్ళీ రాదు. ఈ ఆఖరి మాట ఆయన రెండుసార్లు చెప్పారు. నేను ఒక్కసారే విన్నట్టున్నాను.

మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, వారానికి ఒక్కసారి. దానికి తోడు ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్. మెడికల్ షాపు అబ్బాయి అలవాటు కొద్దీ మెథోట్రెక్సేట్ కవరు మీద "రోజూ రాత్రి 1" అని రాసి ఇచ్చాడు. మా ఆయన చీటీతో సరిచూడబట్టి బతికిపోయాను. వారానికొకసారి వేసుకోవలసిన ఈ మాత్రను రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఈ మందు వాడేవాళ్ళెవరు కనిపించినా నేను మొదట అడిగేది, వారంలో ఏ రోజు వేసుకుంటున్నారని. నాది శనివారం రాత్రి. మర్నాడంతా వికారంగా ఉంటుంది కాబట్టి సెలవురోజు చూసుకుని పెట్టుకున్నాను.

మొదటి ఆరు వారాలు ఏమీ తెలియలేదు. మూడో నెలలో ఒక పొద్దున కాఫీ కలుపుతూ, చేతులు నొప్పి లేకుండా కదులుతున్నాయని గమనించాను. ఆ సంవత్సరమంతా బాగానే గడిచింది.

బాగున్నప్పుడే తప్పు చేశాను. మాత్రతో వచ్చిన కాగితం చదివితే క్యాన్సర్‌కి వాడే మందని ఉంది. క్యాన్సర్‌కి ఎక్కువ మోతాదులో వాడతారు, కీళ్ళవాతానికి వారానికి కొద్దిగా ఇస్తారు, రెండూ ఒకటి కాదు. కానీ అప్పుడు నాకు కనిపించింది ఆ మాట ఒక్కటే. ఇంతలో 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కరోనాకి పనిచేస్తుందన్న ప్రచారంతో జనం కొనేయడం వల్ల షాపుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ దొరక్కుండా పోయింది. విశాఖ వెళ్ళే దారి లేదు. మెథోట్రెక్సేట్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కదా, కరోనా సోకితే ఏమవుతానో అని టెన్షన్. డాక్టరుగారికి ఒక్క ఫోనైనా చెయ్యకుండా ఆగస్టులో ఆపేశాను. నవంబరుకి మణికట్లు మళ్ళీ వాచాయి.

అప్పుడే మా తోడికోడలు, "అక్కా, మా పిన్నికి మూడు రోజుల్లో తగ్గిపోయింది, నువ్వూ ఒకసారి చూపించుకో" అని ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళింది. పొట్లాలు కట్టిన గోధుమరంగు పొడి. పేరు లేదు, లేబుల్ లేదు. ఇందులో ఏముందండీ అంటే "అన్నీ మూలికలేనమ్మా, పరిశోధనలో తేలిన మందు" అన్నారు. మూడో రోజు పొద్దున పిడికిలి బిగిసింది. దేవుడి గదిలో నిలబడి ఏడ్చాను. ఆ సంతోషం అబద్ధం కాదు, ఇప్పటికీ గుర్తుంది.

ఐదు నెలలు వాడాను. ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి పెరిగింది. అందరూ ఒళ్ళు చేశావు అంటుంటే ఆరోగ్యం అనుకున్నాను. 2021 ఏప్రిల్లో, రెండో వేవ్‌లో, ఆయన దుకాణం మూసేశారు. పొడి అయిపోయిన నాలుగో రోజు నేను మంచం మీంచి లేవలేకపోయాను. కీళ్ళన్నీ ఒక్కసారిగా మంటలు, పైగా కళ్ళు తిరిగి పడిపోయేంత నీరసం.

ఎలాగో విశాఖ చేరాక డాక్టరుగారు పొద్దున ఎనిమిదింటికి రక్తం తీయించి ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్, కార్టిసాల్ ఎంతుందో చూశారు. బాగా తక్కువగా ఉంది. బయటినుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో గ్రంథులు తమ పని మానుకుంటాయి, అది హఠాత్తుగా ఆగితే ఇలా కుప్పకూలుతారు అన్నారు. షుగరు కూడా పెరిగింది. ఎస్‌జీపీటీ 140 ఉంది, 40 లోపు ఉండాలి; లివర్ దెబ్బతింటే ఇది పెరుగుతుంది. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారని ఆయన అనుమానం. పొట్లం ఒక్కటైనా మిగిల్చి ఉంటే ల్యాబ్‌కి పంపేవాళ్ళం. నేను చివరి పొట్లం కాగితం కూడా దులిపి వేసుకున్నాను.

స్టెరాయిడ్‌ను డాక్టరుగారే మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. లివర్ కుదుటపడ్డాక మెథోట్రెక్సేట్ మళ్ళీ మొదలైంది. ఆ మూడు నెలలు పెద్దగా పని చెయ్యలేక, మంచం మీద ఫోను పట్టుకుని చదివాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు "ఆధారం ఏది" అని అడగమని నేర్పుతున్న మనిషిని, నా ఒంటి విషయంలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ బాధతోనే చదివాను.

మొదట చదివింది నేను భయపడిన మందు గురించే. దాని చరిత్రలో నాకు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు కనిపించారు. 1895లో భీమవరంలో పుట్టినాయన గురించి ఏటా క్లాసులో చెబుతాను, కణానికి శక్తినిచ్చే ఏటీపీ పాఠం వచ్చినప్పుడు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. దానికి ఎదురు నిలిచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడినుంచే వచ్చాయి. నేను శనివారం వేసుకునే మాత్రా, దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి తర్వాత వేసుకునే మాత్రా రెండూ ఆ ఒక్క ప్రయోగశాలవే! 1948లోనే ఆయన పోయారు. ఆ మందు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి అమెరికాలో అధికారికంగా అనుమతి పొందింది 1988లో.

అంతకన్నా నన్ను కదిలించిన సంగతి ఇంకొకటుంది. యువకుడిగా ఉన్నప్పుడు సుబ్బారావుగారికి స్ప్రూ, అంటే తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాలయ్యే వ్యాధి వస్తే, బాగుచేసింది ఆయుర్వేదం తెలిసిన ఆచంట లక్ష్మీపతిగారు. ఆ తర్వాత సుబ్బారావుగారు మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. అదే స్ప్రూకి తర్వాతి కాలంలో మందైంది ఫోలిక్ యాసిడ్. ఒక మనిషి జీవితంలో రెండు వైద్యాలూ ఇలా కలిసి ఉన్నాయని తెలిశాక, నాకు ఆయుర్వేదం మీద కోపం పోయింది. నన్ను ముంచింది ఆయుర్వేదం కాదు, పేరు లేని పొడి. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

అప్పుడు ఆయుర్వేదం మీద జరిగిన పరిశోధన వెతికాను. కోయంబత్తూరులో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. 43 మంది కీళ్ళవాతం రోగులు, 36 వారాలు. ఒక గుంపుకి మెథోట్రెక్సేట్, ఒక గుంపుకి ఆయుర్వేదం, మూడో గుంపుకి రెండూ. ఎవరు ఏది తీసుకుంటున్నారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా, అందరికీ రెండు రకాలూ ఇచ్చారు. ఏదో ఒకటి మాత్రమే తీసుకోవలసిన వాళ్ళకు రెండోది ఉత్తుత్తి మందు. ఆయుర్వేదంలో మనిషిని బట్టి మందు మారుతుంది కదా, దాన్ని పరీక్షించలేమంటారు. వీళ్ళు వైద్యుడికి మందులు మార్చుకునే స్వేచ్ఛ ఉంచి మరీ పరీక్షించారు. అది చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. మూడు గుంపుల్లోనూ మెరుగుదల దాదాపు ఒకేలా ఉంది.

చదవగానే మళ్ళీ మాత్ర ఆపేయాలనిపించింది, నిజం చెబుతున్నాను. అప్పుడు క్లాసులో పిల్లలకు చెప్పే లెక్కే వేసుకున్నాను. 43 మందిని మూడుగా విడగొడితే గుంపుకి సగటున పద్నాలుగు మంది. ఇంత కొద్దిమందిలో తేడా కనబడలేదంటే తేడా లేదని తేలినట్టు కాదు. 36 వారాల్లో వాపు తగ్గడం తెలుస్తుంది గానీ, ఐదేళ్ళకి ఎముక ఎలా ఉంటుందో తెలియదు. ఆ పరిశోధకులు కూడా దీన్ని తొలి ప్రయత్నంగానే చెప్పుకున్నారు. పెద్ద ఎత్తున ఇలాంటివి ఇంకా జరగాలని నా గట్టి కోరిక. మనలాంటి దేశంలో కాకపోతే ఇంకెక్కడ జరుగుతాయి?

యోగా మీద ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళది 2019 నాటి ప్రయోగం ఒకటి చదివాను. 72 మందిలో సగం మంది తమ మందులు వాడుతూనే ఎనిమిది వారాలు యోగా చేశారు. వాళ్ళలో వాపు సూచికలూ, మనసు కుంగుబాటూ తగ్గాయి. మందులు వాడుతూనే అన్నది అందులో నేను గీత గీసుకున్న మాట.

భయపెట్టినవీ ఉన్నాయి. అమెరికాలో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు ఉన్నాయని 2004లో వచ్చింది. ముంబైలో తిప్పతీగ వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న ఆరు కేసుల గురించి 2021లో వైద్యులు రాశారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. అయితే కరోనా కాలంలో నేనూ రోజూ తిప్పతీగ కషాయం తాగాను. నా లివర్‌ని పాడుచేసింది పొడో, తిప్పతీగో, నొప్పి మాత్రలో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. అన్నీ ఒకేసారి మింగితే ఏది ఏం చేసిందో తెలియదు.

ఆ పొడి ఆయన "పరిశోధన" మాట కూడా చూశాను. మన దేశంలో మనుషుల మీద జరిగే మందుల ప్రయోగాలు నమోదు చెయ్యడానికి సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. ఆయన పేరుతో గానీ ఊరితో గానీ అందులో ఏమీ దొరకలేదు.

2022 జనవరిలో మా ఊరికి దగ్గర్లోనే ఆయుర్వేదంలో ఎండీ చేసిన ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఈసారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. మెథోట్రెక్సేట్ ఆపమంటారా? మీరిచ్చే మందులో రసౌషధాలు, అంటే పాదరసంతో చేసినవి ఉంటాయా? పేరు రాసి ఇస్తారా? మా విశాఖ డాక్టరుగారికి చూపిస్తే అభ్యంతరమా?

ఆవిడ కాగితం మొత్తం చదివి, "ఇలా అడిగేవాళ్ళు రారమ్మా నా దగ్గరికి" అన్నారు. మెథోట్రెక్సేట్ ఆపనక్కర్లేదు, రసౌషధాలు వద్దు, ప్రతిదీ పేరుతో రాసిస్తానన్నారు. ఆమవాతం (ఆయుర్వేదంలో ఇలాంటి కీళ్ళవాతానికి పేరు) గురించి మాధవ నిదానం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో ఉన్నది చెప్పారు. ఆమం, అంటే సరిగా అరగకుండా మిగిలిపోయినది, కీళ్ళలో చేరడమే వ్యాధి మూలమని ఆ శాస్త్రం అంటుందట. తర్వాత నా చేతులు చూసి, నూనె రాస్తున్నారా అన్నారు. మా అత్తగారు రెండేళ్ళుగా రోజూ రాత్రి ప్రేమగా నువ్వుల నూనె మర్దనా చేస్తున్నారు. వాపు, వేడి ఉన్నప్పుడు ఆమవాతానికి నూనె పనికిరాదు, ఇసుక వేయించి గుడ్డలో మూటకట్టి పొడికాపడం పెట్టుకోండి అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు చిన్నబుచ్చుకున్నారు గానీ, మర్నాడు పొద్దున్నే గోదావరి ఇసుక జల్లించి మూకుట్లో వేయించి మూట కట్టింది ఆవిడే.

విశాఖ డాక్టరుగారికి ఆ కాగితం చూపించినప్పుడు మొదట ముఖం చిట్లించారు. పొడి సంగతి ఆయన మర్చిపోలేదు, తప్పులేదు. రెండు షరతులు పెట్టారు: నెలనెలా లివర్ పరీక్ష, ఒకసారికి ఒకే కొత్త మందు. రెండో షరతు నేను అడగబోయిందే. అలా ఒక నోటుపుస్తకం మొదలైంది. ఇసుక కాపడం ఎనిమిది వారాలు. తర్వాత యోగా ఎనిమిది వారాలు. ఆ తర్వాతే డాక్టరమ్మ రాసిన ఒక కషాయం. పొద్దున బిగుసుకుపోవడం ఎన్ని నిమిషాలు, వాచిన కీళ్ళు ఎన్ని, రాత్రి నిద్ర ఎన్ని గంటలు, అన్నీ రోజూ రాశాను. జబ్బు ఎంత తీవ్రంగా ఉందో డాక్టర్లు వేసే లెక్కలో 28 కీళ్ళే ఉంటాయి, పాదాలు అందులోకి రావు. నాకేమో పాదాలే ఎక్కువ బాధపెట్టేవి. అందుకని వాటికి విడిగా ఒక వరుస గీసుకున్నాను.

కాపడంతో పొద్దున బిగువు యాభై నిమిషాల నుంచి ముప్పైకి వచ్చింది. యోగా వల్ల నిద్ర బాగా మారింది, కీళ్ళ వాపులో పెద్ద తేడా రాలేదు. కషాయం వల్ల ఏమైనా అయిందా అంటే నా పుస్తకంలో ఏమీ కనబడలేదు. డాక్టరమ్మకి అదే చెప్పాను, ఆవిడే ఆపించారు. ఈ లెక్కలన్నీ ఒక్క మనిషివి, ఇంకొకరికి ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. ఈఎస్సార్‌ను 20 దగ్గరికి దింపింది మాత్రం మెథోట్రెక్సేటే. ఆ ఏడాది దాని మోతాదు 20 మిల్లీగ్రాముల దాకా పెంచారు, ఇప్పుడు 12.5కి తగ్గించారు.

ఎడమచేతి చూపుడువేలు మాత్రం వంకరగా ఉండిపోయింది. పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి డాక్టరుగారు చూపించారు. మందు ఆపిన ఆ నెలల్లో అక్కడ ఎముక కొరుక్కుపోయింది.

పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లాడి వాళ్ళమ్మ బడికి వచ్చింది. మిషను కుట్టే మనిషి, రెండు మణికట్లూ వాచి ఉన్నాయి. "టీచరుగారూ, మీకు ఏ మందుకి తగ్గిందండీ, అదే తెచ్చుకుంటాను" అంది. మందు పేరు చెప్పలేదు. శుక్రవారం సెలవు పెట్టి నేనే విశాఖ తీసుకెళ్తానన్నాను. ఇప్పుడేమైనా వాడుతున్నావా అంటే ఎవరో ఇచ్చిన పొడి వాడుతున్నానంది. దాన్ని ఉన్నట్టుండి ఆపొద్దు, డాక్టరుగారు చూసేదాకా అలాగే ఉండు, ఒక్క పొట్లం మాత్రం విప్పకుండా దాచి శుక్రవారం సంచిలో వేసుకుని రమ్మన్నాను.