నెల్ జాక్సన్, 0.2 సెకన్లు, మన మొరం గ్రౌండ్లు

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్, మహిళల 4×100 రిలే. బ్రిటన్ 44.7, అమెరికా 44.9. వెండికీ కంచుకీ తేడా 0.2 సెకన్లు. ఆ వేగంలో రెండు మీటర్లు కూడా కాదు. అమెరికా మూడో రన్నర్ 16 ఏళ్ల విల్మా రుడాల్ఫ్. హెడ్ కోచ్ నెల్ జాక్సన్‌కు అప్పుడు 27 ఏళ్లు. అమెరికా ఒలింపిక్ అథ్లెటిక్స్ జట్టుకు నల్లజాతి నుంచి తొలి హెడ్ కోచ్ ఆమే.

జాక్సన్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్లు పరుగెత్తారు. 1951 పాన్ అమెరికన్ క్రీడల్లో 200లో రజతం, రిలేలో స్వర్ణం. 1962లో అయోవా యూనివర్సిటీ పీహెచ్‌డీ, 1968లో అమ్మాయిల అథ్లెటిక్స్ మీద పాఠ్యపుస్తకం. మన పీఈటీలకు (వ్యాయామ టీచర్లకు) పతకాలకంటే ఈ చదువూ పుస్తకమే ఎక్కువ పనికొస్తుంది: పరుగు నేర్పడానికీ ఒక పాఠం ఉంటుంది, లెక్క ఉంటుంది.

రిలేనే చూడండి. జోనల్ మీట్లలో నలుగురు మంచి స్ప్రింటర్లున్న స్కూలే బ్యాటన్ (చేతులు మారే కర్ర) దగ్గర ఓడిపోతది. బ్యాటన్ మార్చుకోవాల్సిన జోన్ ఇప్పుడు 30 మీటర్లు: ఒక్కో వంద మీటర్లు ముగిసే గీతకు వెనక 20, ముందు 10. అందుకునే అమ్మాయి జోన్ మొదట్లో నిలబడి, అక్కడి నుంచి వెనక్కి తన 20 పాదాల దూరం కొలిచి గుర్తు పెట్టుకోవాలి. వచ్చే అమ్మాయి ఆ గుర్తు దాటగానే దూకుడే, ఇక వెనక్కి చూడొద్దు. బ్యాటన్ జోన్ మొదటి నుంచి 20-25 మీటర్ల మధ్య చేతులు మారాలి. వచ్చే అమ్మాయి ముందామె మీద పడిపోతుంటే గుర్తును ఒకటి రెండు పాదాలు వెనక్కి జరపండి. అందుకోలేకపోతుంటే దగ్గరికి తెండి.

ప్రాక్టీసులో కుదిరి మీట్‌లో చెడిపోవడానికి కారణం ఒకటే. ప్రాక్టీసులో వచ్చే అమ్మాయి 30 మీటర్లే ఉరుకుతది, అలసట ఉండదు. మీట్‌లో వంద మీటర్లు ఉరికి వేగం తగ్గి వస్తది. అందుకే గుర్తు ఖాయం చేసే ముందు రెండు మూడు సార్లయినా పూర్తి దూరం ఉరికించాలి.

చేతులు కుడి, ఎడమ, కుడి, ఎడమ. వంపులో ఉరికే ఒకటో, మూడో అమ్మాయిల కుడిచేతిలో బ్యాటన్ ఉంటే లేన్ లోపలి అంచును పట్టుకుని పోవచ్చు. మధ్యలో చెయ్యి మార్చితే అక్కడే జారుతది.

2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన హనుమకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) సింథటిక్ ట్రాక్ మీద గుర్తుకు టేపు అంటుకుంటది. ఊరి బడి మొరం మీద అంటుకోదు, ముగ్గుపిండి వేయండి. నాలుగు రేసులకే చెరిగిపోతది గనుక మీ రేసుకు ముందు మళ్లీ కొలవండి. బ్యాటన్ ఇచ్చేటప్పుడు ఎనిమిది లేన్లలో అందరూ "స్టిక్" అనే అరుస్తరు, పక్క జట్టు కేకకు మీ అమ్మాయి చెయ్యి చాపుతది. "పట్టు" అని నేర్పండి.