మెట్లు లెక్కపెట్టే నడక

మా వీధి వెనక సందులో ఒక ఇంటికి మూడు మెట్లెక్కి ఉత్తరం ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ ఇంట్లోకి పోవాలంటే ఒక మెట్టు దిగాలి. ఇల్లు కుంగలేదు, రోడ్డు లేచింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ సంగతి నా మోకాళ్లకు తెలుసు గానీ నాకు తెలియదు. మెట్లు తగ్గుతున్నకొద్దీ హాయిగా ఉందనుకున్నానే తప్ప, ఎందుకు తగ్గుతున్నాయని ఒక్కరోజూ అడగలేదు.

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ముప్పై మూడేళ్లు పోస్టుమాన్‌గా పనిచేశాను. రిటైరై ఆరేళ్లయింది. సంచి దించేశాను, సైకిలు మాత్రం దిగలేదు. నాతో పనిచేసిన మిత్రుడి కూతురు భువనేశ్వర్‌లో నగర ప్రణాళిక చదువుతోంది. కిందటి సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, "మావయ్యా, ఊళ్లో పదిమందిని వెంటబెట్టుకుని నడుస్తూ ఊరి కథ చెప్పాలి, నువ్వే చెప్పాలి" అంది. ఇలాంటి నడకలు కెనడాలోని టొరంటోలో 2007లో మొదలయ్యాయట. జేన్ జేకబ్స్ అనే ఆవిడ జ్ఞాపకార్థం ప్రతి ఏటా మే నెల మొదట్లో చేస్తారట. ఊరిని పటంలో పైనుంచి చూస్తే అర్థం కాదు, వీధిలో నిలబడి చూడాలని వాదించిన మనిషి ఆవిడ. న్యూయార్క్‌లో ఇళ్ల మధ్యనుంచి పెద్ద రహదారి వేయబోతే అడ్డుకున్నవాళ్లలో ముందు నిలిచిందట. ఎవరూ డబ్బు తీసుకోరు, గైడు ఉండడు, ఆ వీధి మనుషులే చెబుతారు. అంతా బాగుంది గానీ, మే నెలలో మా ఊళ్లో నడవడమంటే వడదెబ్బను ఇంటికి పిలుచుకోవడమే. "మనకు మే వద్దు, పుష్యమాసమే ముద్దు" అన్నాను. కనుమ మరునాడు పొద్దున్న ఆరింటికి పదకొండుమందిమి, ఆరు సైకిళ్లతో బయలుదేరాం.

మొదటి మజిలీ రైల్వే స్టేషన్. అక్కడ నేను చేసిన పని చూసి పిల్లలు నవ్వారు. సుద్దముక్కతో నేలమీద రెండు గీతలు గీశాను, మధ్య దూరం రెండడుగుల ఆరంగుళాలు. పంక్చరు వేయించడానికి తెచ్చిన ఒక పాత సైకిలు ముందు చక్రం ఊడదీసి ఆ గీతల మధ్య పడుకోబెట్టాను. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం. అటో అంగుళం, ఇటో అంగుళం మిగిలింది. "ఇదీ మన పాత రైలు పట్టాల వెడల్పు" అన్నాను. నవ్వు ఆగిపోయింది. సైకిలు చక్రం పట్టేటంత సందులో ఒక రైలు, దాని నిండా మనుషులు, చింతపండు బస్తాలు, కొండచీపుళ్ల మోపులు! పక్కనే ఇప్పటి బ్రాడ్ గేజి పట్టాలు. వాటి మధ్య దూరం ఐదడుగుల ఆరంగుళాలు. అక్కడ చక్రాలు రెండు పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది.

ఆ చిన్న రైలును వేయించింది మా రాజావారు గౌరచంద్ర గజపతి. మద్రాసు, కలకత్తాల మధ్య పెద్ద లైను నౌపడ మీదుగా పోయింది, మా ఊరు ఇరవై అయిదు మైళ్లు లోపల ఉండిపోయింది. అందుకని ఏడు లక్షల రూపాయల ఖర్చుతో నౌపడ దాకా సొంత లైను వేయించుకున్నారు. 1900 ఏప్రిల్ 1న రైలు నడిచింది. 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. చిన్నప్పుడు మేము ఆ రైలుతో పందెం వేసి సైకిళ్లు తొక్కేవాళ్లం. గెలిచామని గొప్పలు చెప్పుకోవడం ఎందుకు, ఎవరు తొక్కినా గెలిచేవారే. 2004లో చిన్న రైలు ఆగిపోయింది.

సరిగ్గా ముప్పై ఆరేళ్ల తర్వాత మళ్లీ ఒక ఏప్రిల్ 1. 1936లో ఆ రోజున ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అంతకుముందు రోజు దాకా మేమూ పక్కనున్న పాతపట్నమూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావాళ్లమే. ఆ రోజుతో జమీందారీ రెండు ముక్కలైంది. ఊరు, చుట్టుపక్కల కొంత భాగం ఒడిశాలోకి వెళ్లాయి. పాతపట్నం, టెక్కలి వైపు మద్రాసులోనే ఉండిపోయి, విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లాకు వచ్చాయి. రైలు ఆ సరిహద్దు గీత మీదుగానే ఇటూ అటూ తిరుగుతూ వచ్చింది. మొదటి ఏప్రిల్ 1 ఊరికి దక్షిణపు తలుపు తెరిచింది, రెండోది అదే తలుపుకు గడప కట్టింది. గౌరచంద్రుల కుమారుడు కృష్ణచంద్ర గజపతి 1937లో ఒడిశాకు మొదటి ప్రధాని అయ్యారు, అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. తండ్రి రైలు ఒకవైపు లాగితే కొడుకు రాజకీయం ఇంకోవైపు లాగిందని మా నాన్న అనేవాడు.

చిరునామాల్లో ఆ లాగులాట నాకు రోజూ కనిపించేది. తెలుగులో పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి, ముసలివాళ్ల రాతలో ఉత్త కిమిడి. నేను చేరినప్పుడు మాది గంజాం జిల్లా. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా అయింది. అయినా గంజాం జిల్లా అని రాసిన కవర్లు నేను రిటైరయ్యేదాకా వస్తూనే ఉన్నాయి. మా పిన్ కోడు ఏడుతో మొదలవుతుంది, సైకిలు మీద కాసేపట్లో చేరుకునే పాతపట్నానిది ఐదుతో.

ప్యాలెస్ దగ్గర అందరూ ఫొటోలు దిగారు. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను పది నిమిషాల్లో కదిలించాను. నాకు రాజావారి బడి ముఖ్యం. 1880లో గిడుగు రామమూర్తిగారు నెలకు ముప్పై రూపాయల జీతానికి ఆ బడిలో చరిత్ర చెప్పడానికి చేరారు. అప్పుడాయనకు పదిహేడేళ్లు. 1936 దాకా ఇదే ఊరు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరాల పాలై, మింగిన క్వినైనుకు చెవులు పోగొట్టుకున్నారు. మాటలు సేకరించిన మనిషికి వినికిడి పోవడం కంటే దారుణం ఏముంటుంది? ఊరు ఒడిశాలోకి వెళ్లడం ఆయనకు ఇష్టం లేదు. డెబ్బై రెండేళ్ల వయసులో అన్నీ వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ చిన్న రైలే ఎక్కి నౌపడలో మారి ఉంటారని నేననుకుంటాను.

బడి గోడ పక్కన నిలబడి ఒక సంగతి చెప్పాను. మొదట్లో నా బీటులో చదువురాని ఆడవాళ్లు కొందరు నాచేత ఉత్తరాలు రాయించుకునేవారు. ఒకావిడ సూరత్‌లో ఉన్న కొడుక్కి చెప్పిస్తోంది. "నువ్వు పంపిన డబ్బు అందింది, ఆవు ఈనింది, నీకు జున్ను పెట్టలేకపోయాను" అంది. నేను బుద్ధిగా "ఉభయకుశలోపరి, తాము పంపిన సొమ్ము ముట్టినది" అని మొదలుపెట్టి చదివి వినిపించాను. "ఎవరిదయ్యా ఈ ఉత్తరం? నాది ఏదీ?" అంది. కార్డు చింపి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు మళ్లీ రాశాను. గిడుగువారు వాడుక భాష కోసం ఊరూరా తిరిగి వాదించిందంతా ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆ రోజు చింపిన కార్డు ఖరీదు నాదే.

తర్వాత కొమ్ముపని చేసే ఇల్లు. ఇది నడకలో లేదు, దారిలో అరుగు మీద పని జరుగుతుంటే ఆగిపోయాం. గేదెకొమ్మును నిప్పుమీద కాచి, మెత్తబడ్డాక నొక్కి వంపు తీసేస్తారు. చల్లారేలోపే పని అయిపోవాలి. ఆ తర్వాత కోత, ఆకురాయి, నున్నబరచడం. వీధంతా వెంట్రుకలు కాలిన వాసన. గోరూ వెంట్రుకా కొమ్మూ ఒకే పదార్థం మరి. ఆయన చేతిలో రొయ్య తయారవుతోంది. మీసాలు అతికించే ముందు ఒక్కో మీసాన్నీ వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. గోధుమరంగులోంచి ఎండ ఇవతలికి కనబడితే చాలినంత సన్నబడినట్టు. లేకపోతే మళ్లీ ఆకురాయి. మేమున్న పావుగంటలో ఒక మీసం నాలుగుసార్లు వెనక్కి పోయింది, ఐదోసారి విరిగింది. ఆయన మమ్మల్ని చూడకుండానే, "మీరు మాట్లాడుతున్నారు కదా" అన్నాడు. నోరు మూసుకున్నాం.

అక్కడే మా మిత్రుడి అమ్మాయికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. పటం ప్రకారం చూస్తే ఆ అరుగు ఇంటిది కాదు, వీధిలోకి వచ్చిన ఆక్రమణ. కాలువ మీద బిళ్లలు వేసి నడకదారి చేస్తే ముందు పోయేది అదే. "నడవడానికి చోటు ఉండాలి కదా మావయ్యా" అంది. ఉండాలి, కాదనను. సంచి మోస్తూ లారీలకు దారిచ్చి కాలువలో పడ్డవాణ్ణి నేను. కానీ ఆ అరుగు పోతే రొయ్య మీసాన్ని వెలుతురుకు ఎత్తి చూసే చోటే పోతుంది. లోపలి గది ఇరవై అడుగుల లోతు, కిటికీ లేదు. రెండు వైపులా గోడలు పక్కింటివాళ్లతో ఉమ్మడి. వెలుతురు వచ్చేది వీధినుంచే. ఇద్దరం తేల్చుకోలేదు. ఆమె మాత్రం నోటుపుస్తకంలో 'అరుగు' అని తెలుగులోనే రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

చివరికి మెట్ల సందు. పిల్లలకు తలా ఒక సుద్దముక్క ఇచ్చి, ఇంటింటి గడప పక్కనా అంకె వేయమన్నాను. ఎక్కే మెట్లకు పైకి గీత, దిగే మెట్లకు కిందికి గీత. నలభై ఏడు ఇళ్లు. పదహారింటికి దిగాలి. ఒక పెద్దాయన కేకలేశాడు, పన్ను పెంచడానికి వచ్చామనుకుని. నన్ను గుర్తుపట్టాక తానే వచ్చి పూడిపోయిన మెట్టు ఎక్కడుందో కర్రతో పొడిచి చూపించాడు. జరిగింది చిన్న విషయమే. రోడ్డు పాడైనప్పుడల్లా పాతదాన్ని చెక్కి తీయకుండా దానిమీదే కొత్త కాంక్రీటు పరుస్తారు. తీసేదానికంటే పరిచేది సులువు. రోడ్డు లేస్తే కాలువ గోడా లేపుతారు, ఇంటి గడప ఒక్కటే ఉన్నచోట ఉండిపోతుంది. మూడు మెట్లు ఎక్కే ఇల్లు ఒక మెట్టు దిగే ఇల్లయిందంటే నాలుగు మెట్లు, మెట్టుకు అరడుగు వేసుకుంటే రెండడుగులు. నా ఒక్క ఉద్యోగకాలంలో రోడ్డు రెండడుగులు లేచింది! గడప లేపుకోగలిగినవాళ్లు లేపుకున్నారు. లేనివాళ్ల ఇళ్లలోకి వాన వస్తుంది.

సైకిళ్లున్న ఆరుగురం అక్కడినుంచి పాతపట్నం పోయి, ఏటి దగ్గర నీలమణి దుర్గ అమ్మవారికి దణ్ణం పెట్టుకుని ఇడ్లీలు తిన్నాం. దారిలో దుకాణాల బోర్డులు ఒడియానుంచి తెలుగులోకి ఎక్కడ మారుతాయో చూడమన్నాను. ఒకే చోట మారలేదు. అటు కొన్ని, ఇటు కొన్ని కలిసిపోయి ఉన్నాయి.

రాత్రి మిత్రుడి కూతురు పటం తెచ్చి చూపించింది. దిగే ఇళ్లకు ఎర్రచుక్కలు పెట్టింది. పదహారు చుక్కల్లో పన్నెండు ఒకే వరుసలో, కొంచెం వంకరగా, చెరువు వైపు పోతున్నాయి. "ఇక్కడ ఏముండేది మావయ్యా?" అంది. నేను ఎరిగిన్నాటికే అక్కడ ఇళ్లు. కానీ ఆ వంకర నాకు తెలుసు. వానాకాలంలో సైకిలు దిగి నడిపించుకుంటూ పోయింది ఆ వరుసలోనే. చెరువుకు నీళ్లు పోయే పాత దారి అదేనని నా అనుమానం.

తేల్చడానికి తొలకరి వానకోసం చూస్తున్నాం. ఈసారి పెద్దగా వాన పడిన రోజు, తగ్గేదాకా ఆగకుండా, మెట్ల సందు మొదట్లో కాగితం పడవలు వదిలి వాటి వెనకే నడుస్తాం. పడవలు నేను చేసి తెస్తాను, పాత ఇన్‌లాండు కవర్లు ఇంట్లో చాలా ఉన్నాయి. చెప్పులు తడుస్తాయని బాధపడేవాళ్లు రావద్దు.